బోర్డు వెనుక మనిషి

మా ఇంటి వెనుక గోడకు ఆనుకుని బూడిద ఇటుకల ఫ్యాక్టరీ వచ్చినప్పటి నుంచి నా భార్య పడుకుని నిద్రపోవడం మానేసింది. మూడు దిండ్లు పేర్చుకుని, వాటికి వీపు ఆనించి, కూర్చునే కునుకు తీసేది. కరెంటు ప్లాంటు నుంచి టిప్పర్లు బూడిద తెచ్చి గోడ అవతల గుట్టగా పోసేవి. గాలి ఇటు తిరిగిందంటే ఆ బూడిద మా వంటింట్లో ఉండేది. మూత పెట్టిన గిన్నెలో అన్నం మీద కూడా సన్నటి పొర కనిపించేది. బొగ్గు దుమ్ము నాకు కొత్త కాదు. అది నల్లగా ఉంటుంది, ఎక్కడ పడిందో తెలుస్తుంది. ఇది పిండిలా మెత్తగా ఉండేది, వేలితో రాస్తే గానీ ఉన్నట్టు తెలియదు.

ఛాతీ డాక్టరు ఆమె ఊపిరి విని, మందుల కంటే ముందు ఇల్లు మారండి అన్నాడు. ఆ మాట మీద నాకు ఇప్పటికీ కోపం ఉంది. ఉద్యోగమంతా బొగ్గు కంపెనీ క్వార్టర్లలో గడిపి, రిటైరయ్యాక గోదావరిఖనిలో కట్టుకున్న ఇల్లు ఇది. మారాల్సింది నేనా?

అర్జీ రాశాను. సంతకం కోసం ఎదురింటికి వెళ్ళాను. ఆ ఇంటాయన కోస్తా నుంచి వచ్చి ఇక్కడే రిటైరైన ఇంజినీరు. "బొగ్గు ఊళ్ళో ఉంటూ దుమ్ము మీద అర్జీ ఏమిటండీ" అని నవ్వి, కాగితం తిరిగి చేతిలో పెట్టాడు. ఆ నవ్వు నేను మరచిపోలేదు. ఆయన గృహప్రవేశానికి నేను కుర్చీలు మోసిన సంగతీ మరచిపోలేదు.

ఫ్యాక్టరీ గేటు దగ్గరికి చాలాసార్లు పోయాను. అక్కడ బోర్డు మీద ఫర్ము పేరు పెద్ద అక్షరాల్లో ఉండేది. ఓనరు ఎవరని అడిగితే వాచ్‌మన్‌కు తెలియదు. రెండేళ్ళుగా చేస్తున్నా ఓనరును చూడలేదట. ఫోను వస్తుంది, చెప్పింది చేస్తామన్నాడు. లోపల ఇటుకలు మోస్తున్న ఒడిశా కూలీలను అడిగినా అదే జవాబు. అంత పెద్ద మిషన్లు, అన్ని లారీలు, అంత మోత. వాటి వెనుక ఒక్క మనిషి ముఖం లేదు.

సోమవారం పెద్దపల్లి కలెక్టరేటులో ప్రజావాణికి వెళ్ళి అర్జీ ఇచ్చాను. గుమాస్తా తల ఎత్తకుండానే చదివాడు. బోర్డు మీద ఉన్నది ఫర్ము పేరని, నోటీసు పంపాలంటే దాని వెనుక మనిషి పేరు, అడ్రసు కావాలని చెప్పాడు. నేను అక్కడే నిలబడి ఉంటే ఇంకో మాట అన్నాడు. "బోర్డు మీద కొట్లాడుతవా పెద్దాయన? మనిషిని పట్టుకొని రాపో." వెనుక లైనులో ఇద్దరు నవ్వారు. వాళ్ళలో ఒకడి చొక్కా రంగు కూడా నాకు గుర్తుంది.

పట్టుకొస్తానని నిర్ణయించుకున్నది అప్పుడే. మా చౌరస్తాలో మీసేవ సెంటరు నడిపే ఆమెను అడిగితే, ఫర్ములన్నీ రిజిస్ట్రారు దగ్గర రాసి ఉంటాయని, ఎవరైనా చూడవచ్చని చెప్పింది. కంప్యూటర్లో బోర్డు మీది పేరు కొట్టింది, జిల్లా ఎంచింది. ఒక్కటే వచ్చింది. నాలుగేళ్ళ కిందట రిజిస్టరైంది, నడుస్తున్నది, భాగస్వాములు ఇద్దరు. సంతకాలతో సహా నకలు కావాలని దరఖాస్తు పెట్టాను.

పది రోజులకు నకలు వచ్చింది. మొదటి భాగస్వామిది హైదరాబాదు అడ్రసు, నేనెరగని పేరు. రెండో పేరు చదివి నేను అక్కడున్న బెంచీ మీద కూర్చున్నాను. మీసేవ ఆమె నీళ్ళు తాగుతారా అని అడిగింది.

ఆ పేరు గలవాడు చనిపోయి ముప్పై ఏళ్ళు దాటింది.

నేను బాయి మీద ల్యాంపు రూంలో పనిచేశాను. గనిని మేం బాయి అంటాం. షిఫ్టుకు దిగే ప్రతివాడూ కిటికీ దగ్గర తన పేరున్న బిళ్ళ ఇచ్చి టోపీకి పెట్టుకునే దీపం తీసుకుంటాడు. బిళ్ళ నా దగ్గర మేకుకు వేలాడుతుంది. పైకొచ్చి దీపం ఇస్తే బిళ్ళ ఇస్తాను. మేకుకు బిళ్ళ ఉందంటే మనిషి ఇంకా కింద ఉన్నట్టు. నకలులో పేరున్న ఆ మనిషి ఒకరోజు బ్యాటరీ బెల్టు సరిగా కట్టుకోకుండా వచ్చాడు. కట్టుకుంటే గానీ దీపం ఇవ్వనన్నాను. "దీపాలు తుడిచేటోడు గూడ దొరే అయిండు" అన్నాడు. లైనంతా నవ్వింది. సాయంత్రం పైకి రానీ, నీ సంగతి చూస్తాననుకున్నాను.

ఆ రోజే లోపల పైకప్పు కూలింది. అందరూ పైకొచ్చి బిళ్ళలు తీసుకుపోయారు, మేకుకు అతనిదొక్కటే మిగిలింది. రెండు రోజులకు శవాన్ని తీశారు. దీపాన్ని పద్ధతి ప్రకారం నాకు అప్పగించారు. అద్దం పగలలేదు. తీసేటప్పటికే స్విచ్చు ఆపి ఉందట. ఆ చీకట్లో దీపం ఎవరు ఆపారని ఇప్పటికీ అనుకుంటాను. మీద పడ్డ రాయి స్విచ్చు తిప్పదు.

చనిపోయినవాడి మీద కోపం ఉంచుకోకూడదంటారు. నేను ఉంచుకున్నాను. అందుకే ఆ పేరు, తండ్రి పేరు, ఊరు అన్నీ నాకు గుర్తు. నకలులో ఆ మూడూ ఉన్నాయి. కింద తెలుగులో వణుకుతున్న అక్షరాలతో సంతకం ఉంది. నాలుగేళ్ళ కిందటి సంతకం.

నకలులో అతనికి రెండు అడ్రసులు రాశారు. మొదటిది గోదావరిఖనిలోని ఒక క్వార్టరు. మధ్యాహ్నం అక్కడికి వెళ్ళాను. కాలనీ లేదని తెలుసు, దాన్ని కూలగొట్టి ఓపెన్‌కాస్ట్ గని తవ్వారు. తెలిసినా వెళ్ళాను. రోడ్డు కంచె దగ్గర ఆగిపోయింది. సెక్యూరిటీ గార్డు మా వయసువాడే, ఒకప్పుడు ఆ కాలనీలోనే ఉన్నాడట. క్వార్టరు నంబరు చదివి వినిపించాను. అతను కిందికి చూపించలేదు. చెయ్యి ఎత్తి గుంత మీద ఖాళీ గాలిలోకి చూపించాడు.

"గదిగో, గాడుండె. ముంగట జామ చెట్టుండె."

నేల పోయింది కాబట్టి ఇల్లు ఉన్న చోటు ఇప్పుడు ఆకాశంలో ఉంది. అతను చూపించిన చోటే చూస్తూ నిలబడ్డాను. ఇంతలో బ్లాస్టింగ్ సైరను మోగింది, వెనక్కి పొమ్మన్నాడు. కాళ్ళ కింద భూమి ఒకసారి కదిలి ఆగింది. నా చేతిలో కాగితం మాత్రం ఆ ఇంట్లో మనిషి ఉంటున్నాడనే చెబుతోంది.

రెండో అడ్రసు మంథని దిక్కున ఒక ఊరు. వారం రోజులు వెళ్ళలేదు. భయపడ్డానని ఒప్పుకోవడానికి నాకు ఇబ్బందేమీ లేదు. ఆ వారంలో ఒకరోజు నా భార్యకు దగ్గు ఆగక పెదాలు నీలం రంగుకు తిరిగాయి. దవాఖాన నుంచి ఇంటికి తెచ్చిన మర్నాడే బస్సెక్కాను.

ఆ ఊరి బస్టాండులో చాయ్ హోటలు నడిపే ఆమెను పేరు చెప్పి అడిగాను. ఆమె గ్లాసులు కడుగుతూనే చెప్పింది. "గాయనా? ఇప్పుడే చాయ్ తాగి ఇంటికి వాయె." బెంచీ మీద ఒక గ్లాసు ఉంది. అడుగున ఇంకా చాయ్ ఉంది.

ఇంటి ముందు మంచం మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. ల్యాంపు రూం కిటికీ దగ్గర నన్ను ఎగతాళి చేసిన మనిషి పొట్టిగా, బలంగా ఉండేవాడు. ఈయన పొడుగు, ముఖం వేరు, చెవులు వేరు. నేను పేరు పలికితే "నేనే, కూసో తమ్మీ" అన్నాడు. జేబులోంచి నకలు తీసి ఆ పేరు మళ్ళీ చదువుకున్నాను. ల్యాంపు రూంలో పనిచేశానని చెప్పాను. ఆయన మంచం మీద పక్కకు జరిగి నాకు చోటిచ్చాడు. తర్వాత ఆయనే చెప్పాడు.

ఉద్యోగం వచ్చింది ఈయనకు. మొదటి రోజు బాయి మూతి దాకా పోయి, లోపలి చీకటి చూసి వెనక్కి తిరిగి వచ్చేశాడు. కాగితం వృథా అవుతుందని చిన్నాయన కొడుకు ఈయన పేరు మీద దిగాడు. పైకప్పు కూలిన రోజు పోయింది అతనే. మా దగ్గర అప్పట్లో ఇది రహస్యం కాదు. మారుపేర్ల మీద దిగినవాళ్ళు షిఫ్టుకు ఎంతమంది ఉండేవారో ల్యాంపు రూం వాడికి తెలిసినట్టు మేనేజరుకు తెలియదు. తోటివాళ్ళు పిలిచే పేరొకటి, నా మేకుకు వేలాడే పేరొకటి. అందరి విషయంలో ఆ అనుమానం ఉన్న నాకు, కోపం పెట్టుకున్న ఒక్క పేరు మీద మాత్రం అనుమానం రాలేదు. నా తప్పు అదే. ముప్పై ఏళ్ళు నేను కోపం పెట్టుకున్నది ఈ ముసలాయన పేరు మీద.

"యూనియనోళ్ళు నా పేరు రాసిన బట్ట కట్టిండ్రు, తమ్మీ. దండేసి దండం పెట్టిండ్రు. నేను పక్కకు నిలవడి సూసిన" అన్నాడు.

ఫర్ము సంగతి అడిగితే ఆయనకు తెలియదు. నాలుగేళ్ళ కిందట కారులో ఒకాయన వచ్చి, పింఛను రాయిస్తానని ఆధారు నకలు, చిన్నాయన కొడుకు ఉన్న క్వార్టరు అడ్రసుతో పాత కార్డు తీసుకుని, చాలా కాగితాల మీద సంతకాలు పెట్టించుకుని పోయాడట. పింఛను రాలేదు, ఆయనా మళ్ళీ రాలేదు.

నాకు దొరకాల్సిన మనిషి దొరికాడు, కానీ ఫ్యాక్టరీ ఈయనది కాదు. ఈ పేరు రాస్తే ముసలాయనను ఆఫీసుల చుట్టూ తిప్పినవాణ్ణవుతాను. రాయకపోతే నా అర్జీ మళ్ళీ వెనక్కి వస్తుంది. రాయకుండా వెళ్ళిపోయేవాణ్ణని చెబితే అబద్ధం. నా భార్య పెదాల రంగు గురించి, ఆమె కూర్చుని నిద్రపోవడం గురించి ఆయనకు చెప్పాను. ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"రాయి తమ్మీ. నా పేరు మీద ఒకడు సచ్చిండు, ఇంకోడు ఇటుకలు జేస్తున్నడు. నన్నయితే ఎవ్వలు పిలువలె. ఒక్కసారన్న పిలువనియ్యి, నేనే వస్త."

రాశాను. నోటీసులు వెళ్ళాయి. హైదరాబాదుకు పంపినది అలాంటి ఇంటి నంబరు లేదని తిరిగి వచ్చింది. ముసలాయనకు పంపినది అందింది. విచారణ రోజు ఆయన ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని, నాకంటే ముందే వచ్చి వరండాలో కూర్చున్నాడు. ఆఫీసు జవాను బయటికొచ్చి ఆయన పేరు పిలిచాడు. ఆయన వెంటనే లేవలేదు. వినపడలేదేమోనని నేను చెయ్యి పట్టుకోబోయాను. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. జవాను రెండోసారి పిలిచాక లేచి, "ఉన్న" అని లోపలికి నడిచాడు.

అధికారి ఫ్యాక్టరీ మీదేనా అని అడిగారు. పేరు నాదే, ఫ్యాక్టరీ నాది కాదన్నాడు. సంతకం మీదేనా అంటే అవునన్నాడు. మరి ఓనరెవరని అడిగితే, "నాకెట్ల ఎరుక సారు, నన్నే ముప్పయ్యేండ్ల కింద కాలవెట్టిండ్రు" అన్నాడు. గదిలో ఎవరూ నవ్వలేదు. తల ఎత్తని గుమాస్తా కూడా ఆ రోజు తల ఎత్తాడు, అది నేను చూశాను. వాచ్‌మన్‌ను పిలిపించి, అతని ఫోనుకు వచ్చే నంబరుకు అక్కడి నుంచే చేయించారు. స్విచ్చాఫ్. ఓనరు స్వయంగా వచ్చేదాకా ఫ్యాక్టరీ నడపకూడదని ఆర్డరు ఇచ్చారు.

మిషన్లు ఆగిన నాలుగో రోజు నా భార్య ఒక దిండు తీసేసింది, నెలకు రెండోది. ఇప్పుడు పక్కకు తిరిగి పడుకుంటోంది. ఎదురింటి ఇంజినీరు, మీ పుణ్యమాని మా డాబా కూడా శుభ్రంగా ఉందండీ అన్నాడు. నేను గేటు వేసుకుని లోపలికి వచ్చాను.

ఓనరు రాలేదు. కూలీలు వెళ్ళిపోయారు. వాచ్‌మన్ మాత్రం గేటు దగ్గరే ఉన్నాడు. పొమ్మని చెప్పేవాళ్ళు రానిది ఎట్ల పోవాలె అంటాడు. వానకు బూడిద గుట్ట పైన పెచ్చు కట్టింది, కింద ఇంకా పొడిగానే ఉందట.

ప్రతి సోమవారం మీసేవకు వెళ్ళి ఆ ఫర్మును చూడమంటాను. ఆమె ఇప్పుడు పేరు అడగదు, నన్ను చూడగానే కంప్యూటర్లో కొట్టేస్తుంది. ఇంకా నడుస్తున్నదనే వస్తుంది, భాగస్వాములు ఇద్దరూ ఉన్నారనే వస్తుంది. ముసలాయన పేరు తీసేయమని ఆయనా నేనూ కలిసి పెట్టుకున్న దరఖాస్తుకు, ఇంకో భాగస్వామి సంతకం కూడా కావాలని జవాబొచ్చింది. ఈ సంగతి నా భార్యకు చెప్పలేదు.

ఇంటికి చేరేలోపే ముసలాయన ఫోను వస్తుంది. బాగున్నావా అని అడగడు.

"ఉన్ననా తమ్మీ ఇంకా అండ్ల?"

"ఉన్నవన్న."

సరే అని పెట్టేస్తాడు.