శనివారం సారింటికి కావలసిన పదిమంది

మా పక్క క్వార్టర్‌లో ఉండే కెమిస్టును బోధన్ చక్కెర ఫ్యాక్టరీ కాలనీ మొత్తం శనివారం సారు అనేది. చెరుకు రసంలో తీపి ఎంతుందో చెప్పడం ఆయన ఉద్యోగం. సీజన్‌లో ఫ్యాక్టరీకి ఆదివారం లేదు, పండుగ లేదు. ఈయన మాత్రం దీపావళి, రంజాను, క్రిస్మస్ ఎవరి డ్యూటీ అయినా నెత్తిన వేసుకుని, బదులుగా శనివారం ఒక్కటి వదిలెయ్యమనేవాడు. శుక్రవారం పొద్దుగూకకముందే వాళ్ళమ్మ దీపం పెట్టేది. శుక్రవారం దీపమంటే లక్ష్మి, శనివారమంటే వెంకన్న. ఇందులో ఆలోచించడానికి ఏముంది? ఇంట్లో మరాఠీ మాట్లాడతారు కనుక మహారాష్ట్ర వైష్ణవులని మా అవ్వ తేల్చేసింది. వాళ్ళింట్లోంచి కోడికూర వాసన వచ్చిన రోజు, "ఆ దిక్కు వైష్ణవులు గట్లనే ఉంటరేమో" అని సర్దుకుంది. నేను బీయే చదివినవాణ్ణి. నేనూ సర్దుకున్నాను.

అరవై తొమ్మిదిలో, తెలంగాణ ఉద్యమం జోరు మీదున్నప్పుడు, ఒక తెల్లవారుజామున సారు తండ్రి కన్నుమూశాడు. బొంబాయి మిల్లులో చేసి దిగిపోయి కొడుకు దగ్గర ఉంటున్న ముసలాయన. చావింటి ముందర చెయ్యాల్సిందంతా కాలనీ ఎవరూ చెప్పకుండానే చేసింది. వెదురు కట్టెలు వచ్చాయి, కుండలో నిప్పు వచ్చింది, బంతిపూల దండలు వచ్చాయి, డప్పులు వచ్చాయి. ఎవరో గోవింద కూడా ఎత్తుకున్నారు. సారు బయటికొచ్చి చేతులు జోడించాడు.

"భాయ్, కాలబెట్టొద్దు. బొంద పెట్టాలె. పూలొద్దు, డప్పొద్దు."

డప్పు ఆగింది. గోవింద మధ్యలో తెగింది.

"సాయెబులా సారూ?" అన్నాడు బాయిలర్ ఫోర్‌మన్, చాలా మర్యాదగా.

"కాదు."

"కిరస్తానమా?"

"కాదు. యూదులం."

చాలామందికి ఆ మాట తెలియదు కనుక వాళ్ళకేం కాలేదు. నేను మిషన్ బళ్ళో చదివాను. నాకు తెలుసు. బైబిల్లో ఎర్ర సముద్రం దాటినవాళ్ళ సంతతి మా గోడ అవతల కాపురముంటూ, మా అవ్వ దగ్గర పెరుగు తోడు తీసుకుపోతున్నారని నాకెవరూ చెప్పలేదు.

బొంద పెట్టడానికి జాగా కావాలి. నేనే సైకిలెక్కి మెథడిస్టు పాస్టరు దగ్గరికి పోయాను. ఆయన చాయ్ కప్పు కింద పెట్టాడు.

"బైబిల్ల యూదులా? బోధన్లనా?"

"మా పక్కింట్లనే."

"గిన్నేండ్లు నా గుడి ముందటికెల్లే పోయె గదనయ్యా! నమస్తే గూడ పెట్టేటోడు!" అంటూ చెప్పులు మరిచి బయలుదేరాడు. సమాధుల తోటలో గోడ పక్కన ఒక మూల ఇచ్చాడు. తండ్రికి సారే తన చేతులతో స్నానం పోసి, తెల్లబట్ట చుట్టాడు. మధ్యాహ్నానికల్లా మట్టి చేశాం.

చావింట్లో పొయ్యి వెలిగించకూడదన్నది వాళ్ళకూ మాకూ ఒకటే. మా అవ్వకు ప్రాణం లేచొచ్చింది. "ఏం పంపమంటరో అడుగు బిడ్డా" అంది. అడిగొచ్చాను. కోడిగుడ్లు. మట్టి చేసొచ్చి వాళ్ళు మొదట తినేది అవేనట. గుడ్డు అన్న మాట కూడా మా ఇంట్లో పలికేవాళ్ళం కాదు. అవ్వ పెరట్లో మూడు రాళ్ళు పెట్టి, అటు మొగం తిప్పుకుని, పేలుతాయేమోనన్నంత దూరంలో నిలబడి ఉడకబెట్టింది.

ఇక ఆశ్చర్యపోవడానికి ఏమీ మిగల్లేదనుకున్నాను. సాయంత్రం పోతే సారు వాళ్ళమ్మ, మేమంతా ఆయి అని పిలిచే ఆమె, నేల మీద కూర్చుని గోడవైపు తిరిగి ఉంది. సంగతేమంటే, తండ్రి కోసం కొడుకు చెప్పాల్సిన ప్రార్థన ఒకటుంది.

"చెప్పు మరి సారూ."

"ఒక్కణ్ణి చెప్పరాదు. పదిమంది మొగోళ్ళు ఉండాలె."

నాకు నవ్వొచ్చినంత పనైంది. "పదిమందే గదా! మన కాలనీల పేకాటకే అంతకు రెండింతలు వస్తరు. ఇప్పుడే పిలుస్త."

"మావోళ్ళే ఉండాలె, అన్నా. మీరు ఎంతమంది నిలబడ్డా లెక్కకు రారు."

కాలనీలో లెక్కకు రాకపోవడం నాకు అదే మొదటిసారి. ఏడు రోజులు వాళ్ళు ఇల్లు దాటకూడదు. ఆ ఏడు రోజుల్లో ఒక్కసారైనా ఆ ప్రార్థన ఈ ఇంట్లో వినబడాలని ఆయి పట్టు. లేకుంటే ఆయన్ను దిక్కులేనివాడిలా పంపినట్టేనని ఆమె బాధ. బొంబాయిలో వాళ్ళ గుడికి తంతి ఇచ్చాం. బస్సులు బంద్, రైలు వస్తే వచ్చినట్టు లేకుంటే లేనట్టు. ఎవరొస్తారు? నేనైతే రాను.

వాళ్ళు వచ్చారు. ఏటి అవతల మహారాష్ట్ర గట్టుదాకా బస్సులో వచ్చి, రోడ్డు మీద అడ్డంకులున్నాయని విని, సాలూర దగ్గర మంజీర ఇసుకలో పాంట్లు మడుచుకుని నడుచుకుంటూ వచ్చారు. వాళ్ళలో ఒకాయన రైల్వే గార్డు, ఒకాయన వడ్రంగి, ఒకాయన బడిపంతులు. మంచినీళ్ళు ఇస్తూ వడ్రంగిని నాకొచ్చిన మరాఠీలో అడిగాను, పెద్దాయన మీకెట్లా తెలుసని.

"తెలియదు."

"మరి సారు?"

"ఆయన్నూ ఇప్పుడే చూస్తున్నా."

"మరెందుకొచ్చారు?"

ఆయన నన్ను వింతగా చూశాడు. "పదిమంది కావాలన్నారుగా."

నేను ఆయన చేతిలో చెంబు తీసుకుని మళ్ళీ నింపాను. మా మేనమామ చనిపోతే నేను సెలవు దొరకలేదని దినానికే పోయాను. అదీ పక్కనే ఉన్న నిజామాబాదుకు.

పంతులు అందరినీ గదిలోకి పిలిచాడు. పదిమంది కావాలి గానీ, మనుషుల్ని ఒకటి రెండు అని లెక్కపెట్టకూడదట! పది మాటలున్న ఒక వాక్యం చదువుతూ మనిషికో మాట అనుకుంటూ పోతారు. పంతులు చదివాడు. మనుషులు అయిపోయారు, వాక్యం అయిపోలేదు. సారును కలుపుకున్నా ఒక మాట మిగిలింది. బయలుదేరినవాళ్ళలో ఒకాయన కాలు వాచి ఏటి అవతలి పల్లెలోనే ఉండిపోయాడట.

ఏడోరోజు రేపే. నేను సారును పక్కకు పిలిచాను. "ఆ ఒక్క మాటకు నేను నిలబడ్త. టోపీ పెట్టుకుంట. ఎవ్వరికి తెలుస్తది?"

"నాకు తెలుస్తది గద" అన్నాడు, కోపం లేకుండా.

గోడవైపు తిరిగి ఉన్న ఆయి మెల్లగా ఇటు తిరిగింది. "లెక్కకు రావు సరే. బండికి పనికొస్తవు గదరా? చెరుకు బండ్లోళ్ళంతా నీకు ఎరుకేనాయె" అంది, వచ్చీరాని తెలుగులో.

ఎరుకే. నేను పనిచేసేది చెరుకు విభాగంలోనే. తెల్లారి ఖాళీగా తిరిగిపోతున్న బండెక్కి ఏరు దాటాను. పదో ఆయన టికెట్ కలెక్టరుగా చేసి దిగిపోయిన మనిషి. కాలు అరటిబోదెలా ఉంది. బండివాడూ నేనూ కలిసి మోసి, తిరుగు బండిలో నింపిన చెరుకు గడల మీద కూర్చోబెట్టాం. బోధన్ పొలిమేరలో విద్యార్థులు అడ్డంగా బొంగు కట్టి ఉన్నారు.

"ఎవరే పెద్దమనిషి? ముల్కీయేనా, ఇక్కడోడేనా?"

నేనేదో అనేలోపు ఆయనే అందుకున్నాడు, బొంబాయి హిందీలో. "కొంకణం బాబూ. మావాళ్ళు ఓడ పగిలి అక్కడ ఒడ్డెక్కి రెండువేల ఏళ్ళయిందంటారు."

పిల్లలు మొగాలు చూసుకున్నారు. "మన దగ్గర ముల్కీకి పదిహేనేండ్లే గదరా అడిగేది" అన్నాడొకడు, గొంతు తగ్గించి.

"చావింటికి పోతున్నడు తమ్మీ. ఈయన పోకుంటే అక్కడ పని కాదు" అన్నాను.

బొంగు లేచింది. ఒకడు బండి వెనక కొంతదూరం నడిచి, జారిపోతున్న ఆయన కాలి కింద తన తువ్వాల మడిచిపెట్టి పోయాడు.

పొద్దు వాలకముందే ఇంటికి చేరాం. అందరూ లేచారు. నేను గడప బయట మా అవ్వ పక్కన నిలబడ్డాను. సారు మొదలుపెట్టాడు. ఆయన చెబుతుంటే మధ్యమధ్య అందరూ ఒక్క గొంతుతో ఆమేన్ అంటున్నారు. వంటింటి గుమ్మంలో ఆయి పెదాలు కదుపుతూ ఒక్కో మాటనూ పట్టుకుంటోంది. ప్రార్థన గంట ఉంటుందో, రెండు గంటలుంటుందో అనుకుని నేను గోడకు ఆనుకున్నాను. ఆనుకోవడమే ఆలస్యం, అయిపోయింది. చాయ్ చల్లారేంత సేపు కూడా పట్టలేదు.

"ఇంతేనా?" అన్నాను. నా నోరు ఎప్పుడూ నా మాట వినలేదు.

గదిలో అందరూ నావైపు తిరిగారు. టికెట్ కలెక్టరు గార్డు భుజం పట్టుకుని ఒంటికాలి మీద నిలబడి ఉన్నాడు. మొగమంతా చెమట.

"ఇంతే. ఇప్పుడు కూర్చోవచ్చునా?" అన్నాడు.

ఆయి లోపలికెళ్ళి, పోయిన ముసలాయన కూర్చునే పీటను తనే తెచ్చి వేసింది.