బర్రె పలుపు, సాక్షి సంతకం

భర్త అప్పుకు భార్య పూచీ అని ఏ చట్టంలో ఉందో చూపించమని ఇప్పటికీ అడుగుతాను. ఒక్కడూ చూపించలేదు. నేను బడిలో చదివింది మూడో తరగతి దాకే. మిగతాది చేవెళ్ల రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు దస్తావేజులు రాసేవాళ్ల భుజాల మీదుగా తొంగిచూసి నేర్చుకున్నాను.

పట్నం అంచున కంప్యూటర్ కంపెనీలు లేచిన రోజులవి. మొయినాబాద్ రోడ్డు మీద కార్లు ఆపి, కంది చేను చూపించి కూడా ప్లాటెంత అని అడిగేవారు. నాకూ ఆశ పుట్టింది. భూములు చూపించేవాడికి బండి లేకపోతే ఎవడు నమ్ముతాడని, చేవెళ్ల ఎరువుల దుకాణం సేటు దగ్గర ఇరవై వేలు తీసుకుని పాత మోటార్ సైకిల్ కొన్నాను. ప్రామిసరీ నోటు మీద నా సంతకం అయ్యాక, "ఇంటామెతోని గూడ పెట్టియ్యన్నా, నమ్మకముంటది" అన్నాడు సేటు. మా ఆవిడకు సంతకం నేర్పింది నేనే. నేర్చుకున్నాక ఆమె పెట్టిన మొదటి సంతకం అదే.

ఏడాదిన్నర తిరిగాను. ఎంకపల్లి దాకా పోయినా ఒక్క బేరం కుదరలేదు. ఒక పొద్దున సేటు ముడిమ్యాలలో మా ఇంటికొచ్చి, నేరుగా కొట్టంలోకి పోయి బర్రె పలుపు విప్పబోయాడు. మహిళా సంఘంలో పొదుపు చేసి మా ఆవిడ కొనుక్కున్న బర్రె అది.

"మొగని అప్పు పెండ్లానికి రాదా వదినె? నోటు మీద నీ సంతకమున్నది గద!"

ఆమె పలుపు రెండో కొస గట్టిగా పట్టుకుని నావైపు చూసింది. నాకు ఒళ్లు మండింది.

"సంతకం మీద ఏం రాసున్నదో చదువు సేటూ. గట్టిగ చదువు."

"...సాక్షి."

"సాక్షంటే చూసినోళ్లు, తిన్నోళ్లు గాదు. ఆమె జామీను పడలే. పెండ్లి ఫోటో తీసినోన్ని గూడ కాపురం చెయ్యమంటవా? దావా ఎయ్యి, నా మీద ఎయ్యి!"

గోడ అవతల పక్కింటివాళ్లు పకపకా నవ్వారు. సేటు పలుపు వదిలేశాడు. నేను మీసం దువ్వుకున్నాను.

మా ఆవిడ బర్రెను మళ్లీ కట్టేసి వచ్చింది.

"సేటూ, జర ఆగు. నేను సాక్షినే గద? సాక్షి చూసింది చెప్పాలె. పైసలు ఈయన తీస్కున్నది చూసిన. బండి గొన్నది చూసిన. అగో, గోడకున్నదే ఆ బండి."

నేను నేర్చుకున్న చట్టంలో ఒక్క ముక్కా సాయం రాలేదు. సేటు అప్పటికే టైర్లు నొక్కి చూస్తున్నాడు. బండి పోగా మిగిలిన బాకీకి వాయిదాలు ఒప్పుకున్నాను.

మర్నాడు చాయ్‌లో పాలు లేవు. అడిగితే, "బర్రె నాది, అప్పు నీది. నువ్వు చెప్పిన చట్టమే" అంది.

కూలికి పోయి తీర్చినన్నాళ్లూ నల్ల చాయే తాగాను. చివరి వాయిదా కట్టి నోటు వెనక్కి తెచ్చుకున్న రోజు, గ్లాసులో పాలే ఎక్కువ పోసి ముందు పెట్టింది. కసి కొద్దీ నోటు చించబోయాను. చటుక్కున లాక్కుంది.

"ఆగు, అండ్ల నా సంతకమున్నది" అని పెట్టెలో దాచుకుంది.