నాలుగో సల్వారు

అండమాన్‌లో బారాటాంగ్ జెట్టీ షెడ్డులో ఫెర్రీ కోసం కాచుకున్నాం. మాయాబందర్ నుంచి నాతోపాటు అదే బస్సులో వచ్చినావిడ పక్కన కూర్చుని, సంచిలోంచి నాలుగు సల్వార్లు తీసింది. ఒకదాని బొందు లాగేసి, వేలికి చుట్టి పక్కన పెట్టి, పిన్నీసుతో ఎలాస్టిక్ ఎక్కించసాగింది. ఆ తర్వాత రెండోది తీసుకుంది. నాకు ఊరుకోబుద్ధి కాలేదు.

“బొందులు గట్టిగానే ఉన్నాయి కదండీ, ఎందుకు తీసేస్తున్నారు?”

“గట్టిగా ఉన్నాయనే దీదీ,” అంది తలెత్తకుండా. “పోర్ట్ బ్లెయిర్లో మనసు బాగోనోళ్ళ వార్డులో చేరతన్నాను. అక్కడ బొందులు ఉంచనివ్వరు.”

చుట్టూ చూశాను. ఆమెతో ఎవరూ లేరు.

“ఎవరు చేరుస్తున్నారు?”

“ఎవులూ కాదు, నానే. పోయినసారి ఇంట్లోవోళ్ళు తీసుకెళ్ళారు. నాకేటీ తెలీదు. తలుపుకాడ బొందు తీసిచ్చేసి, సల్వారు చేత్తో పట్టుకుని నడిచాను. ఈసారి ఎనిమిది రోజులు నిద్దరట్టలేదు. మళ్ళీ అదే వస్తందని సమఝ్ అయిపోయింది. ఎవులూ చెప్పకముందే బయల్దేరిపోయాను.”

అంతలో ఫెర్రీ హారన్ కొట్టింది. అప్పటికి మూడు సల్వార్లు అయ్యాయి. నాలుగోదాని బొందు మాత్రం ఆమె తీయలేదు. సమంగా లాగి, ముడి వేసి, మడతపెట్టి సంచి అడుగున పెట్టింది.

“అది మర్చిపోయారు,” అన్నాను.

“లేదు దీదీ. దాన్ని నర్సమ్మకిచ్చి దాయమంటాను. ఇంటికొచ్చే రోజు ఏసుకోవాలి కదా.”

ఇప్పుడు నేను ఎక్కడికి సంచి సర్దుకున్నా, అన్నిటికంటే ముందు పెట్టేది తిరిగొచ్చే రోజు బట్టలే.