దుప్పటికి అవతలి చెయ్యి

ఉప్పుగూడ స్టేషన్లో పొద్దున్నే దిగాం. సన్నటి తుంపర. కాలు పెడితే బురద. మేం ముగ్గురం. మాతోబాటు గూడ్సు బండి మీద తాళ్ళతో కట్టేసిన ఒక పడవ. పదిహేనడుగుల ప్లైవుడ్ పడవ, అడుగు బల్లపరుపు. వెనక తగిలించే మోటారు వేరే పెట్టెలో, నూనెగుడ్డల్లో చుట్టి ఉంది. పందొమ్మిది వందల యాభైల నడిమి ఏళ్ళవి. ఆషాఢమాసం.

సైన్యంలో ఉన్నానంటే మీరంతా మంచుకొండల గురించే అడుగుతారు. ఆ కొండలూ చూశాను. చాలామటుకు మరిచిపోయాను కూడా. మరుపు రాని డ్యూటీ ఇదొక్కటే. అది నా సొంత ఊళ్ళో పడింది. మా ఇల్లు లాల్‌దర్వాజాలో. మా బాపుకు అమ్మవారి గుడిలో కొలువు. స్టేషన్ బయట నిలబడితే బోనాల డప్పులు వినిపిస్తున్నాయి. నడిచి వెళ్తే ఇంట్లో అమ్మ పొయ్యి మీది చాయ్ దింపకముందే చేరతాను. సెలవు మాత్రం లేదు.

మా హవల్దారు కర్నూలు వైపు మనిషి. మాట తక్కువ. నేను అటే చూస్తున్నానని కనిపెట్టాడు.

"ఇంటికి పోవాలని ఉండాదా?"

"ఉంది సార్."

"పడవ సక్కగా తిరిగిన దినం పోదువులేప్పా."

ఆర్డరు క్లుప్తం. ఊరికి ఎగువన చెరువులు నిండుతున్నాయి. వరద వస్తే పాతబస్తీ లోతట్టు గల్లీల్లోకి లారీ పోదు, పెద్ద పడవా పోదు. ఇది పోవాలి. అప్పటిదాకా మీరాలం చెరువు మీద దీన్ని తయారు చేసి ఉంచాలి. మోటారు పిడి పట్టి నడిపేది నేను. ముందు కూర్చుని దారి చూసేది మా వడ్రంగి. వరంగల్ దిక్కువాడు, మనిషి దున్నపోతంత ఉంటాడు. చెయ్యి మాత్రం మహా సున్నితం.

చెరువు కట్ట మీద డేరా వేశాం. మొదటిరోజే పడవ తన బుద్ధి చూపించింది. నెమ్మదిగా పోతే బుద్ధిమంతురాలే. మోటారు పెంచితే ముక్కు ఎగిరెగిరి నీళ్ళను కొట్టేది. తిప్పబోతే అసలు సంగతి బయటపడింది. ముక్కు ఎడమకు తిరిగేది, పడవ మాత్రం పాత దారినే పక్కవాటుగా జారిపోయేది. తడి బండల మీద పళ్ళెం జారినట్టు. రెండుసార్లు కట్ట రాళ్ళకు గుద్దుకున్నాం.

"గిదేం పడవ భాయ్! దీనికి కాళ్ళు లెవ్వు," అన్నాడు వడ్రంగి. "మనం ఒక దిక్కు చూపిస్తె గిది ఇంకో దిక్కు పోతది."

హవల్దారు పడవను బోర్లా వేయించి, బురదలో మోకాళ్ళ మీద కూర్చుని అడుగంతా తడిమాడు. "కాళ్ళు లేకుంటే పెట్టు. నువ్వు వడ్రంగోనివే కదా."

పెట్టాడు. రెండు టేకు బద్దలు, అడుగున నిలువునా, తారు పూసి స్క్రూలతో బిగించాడు. నీళ్ళను పట్టుకోవడానికి అవే దాని కాళ్ళు. మోటారు వంపు సరిచేసే పిన్నును నేను ఒక రంధ్రం లోపలికి మార్చాను. ముక్కు ఎగరడం ఆగింది. పెట్రోలు డబ్బాను వెనకనుంచి నడిమికి జరిపాం. తర్వాత మనుషులకు బదులు ఇసుక బస్తాలు వేసి చూశాం. బరువు నడిమిలోనో, కొంచెం వెనకకో ఉంటే పడవ చెప్పినట్టు వినేది. బస్తాలు ముందుకు జరిపితే ముక్కు మునిగి, వెనక లేచి, మోటారు పంకా గాలిలో ఊరికే తిరిగేది. అప్పుడు చేతిలో పిడి ఉన్నా లేనట్టే.

హవల్దారు మాకు మూడు మాటలు నూరిపోశాడు. ముందు బరువు పెట్టొద్దు. పిడి పట్టినవాడు లేచి నిలబడొద్దు. మోటారు రొదలో అరుపులు వినబడవు కాబట్టి ముందున్నవాడు చెయ్యెత్తి దిక్కు చూపాలి.

చెరువు మీద అంతా కుదిరింది. కాని ఇసుక బస్తాలు ఎక్కడ పెడితే అక్కడ ఉంటాయి. వాటికి మానమర్యాదలతో పని లేదు. ఆ తేడా మా ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు. పాతబస్తీలోనే పుట్టినవాణ్ని, నాకూ తట్టలేదు.

బోనాలు అయిపోయాక వాన పట్టుకుంది. మూడో రోజు పొద్దున ఎగువన ఒక చెరువు తెగింది. ఆ నీళ్ళు గల్లీల మీద పడి వచ్చి, మూసీ ఒడ్డు గోడకు పడిన గండిలోంచి నదిలోకి దూకుతున్నాయి. మాకు అప్పగించిన గల్లీ సరిగ్గా ఆ గండికి ఎదురుగా ఉంది. ప్రవాహం పడవను గల్లీలోంచి నేరుగా గండివైపు నెడుతుంది. గల్లీ మూతి దాటగానే ఎడమకు తిరగాలి. తిరిగితే మెరక, అక్కడ తాడు పట్టుకుని హవల్దారు ఉన్నాడు. తిరగకపోతే మూసీ.

గల్లీ లోపల ఒక పాతకాలపు మేడ. మట్టిగోడలు, పైన సున్నం. కచ్చేరీ కొలువుల్లో తరతరాలుగా ఉన్న హిందూ కుటుంబం. కొడుకులు ఉద్యోగాల మీద పరాయి ఊళ్ళలో ఉన్నారు. మేడ వరండాలో ఇంటి పెద్దాయన, ఆయన భార్య, ఇద్దరు కోడళ్ళు, ఇద్దరు పసిపిల్లలు. కింది గోడలో అప్పటికే పిడికిలి పట్టేంత పగులు.

ఆడవాళ్ళు ముసుగులు లాక్కుని, పిల్లలను ఎత్తుకుని ఒక్కొక్కరే పడవలోకి దిగారు. దిగినవాళ్ళు దిగినట్టే వడ్రంగి వీపు వెనక ముద్దగా కూర్చున్నారు. వాడు అటు తిరిగి ఉన్నాడు. నేను వాళ్ళకు ఎదురుగా ఉన్నాను. "వెనక్కు జరుగుండ్రి అమ్మా" అని రెండుసార్లు అడిగాను. ఎవరూ కదల్లేదు. ఇంకా చెప్పడానికి టైం లేదనుకుని పడవను వదిలాను.

పది గజాలు పోలేదు. ముక్కు మునిగింది. నీళ్ళు లోపలికొచ్చాయి. వెనక లేచి పంకా గాలిని కోసింది. పిడి వదులైపోయింది. పడవ అడ్డం తిరిగి గండివైపు జారుతుంటే, వడ్రంగి పక్కింటి కిటికీ ఊచలు ఒడిసి పట్టాడు. పిల్లలు ఏడుస్తున్నారు. ఊచ తరవాత ఊచ పట్టుకుంటూ మళ్ళీ ఆ మేడకే చేరాం.

"ఏమైంది బిడ్డా?" పెద్దాయన వంగి అడిగాడు.

"ముందట బరువైంది సాబ్. అమ్మోళ్ళు వెనక్కి, నా దిక్కు రావాలె."

"నీ మోకాళ్ళకు తగిలేటట్టు ఎట్ల కూచుంటరు? మా ఇంట్ల గోషా కదా." ఆయన గొంతులో దర్పం లేదు, బతిమాలుతున్నట్టే ఉంది.

మీకిప్పుడు నవ్వు రావచ్చు. ప్రాణం పోతుంటే గోషా ఏమిటని. నాకు కోపం కూడా రాలేదు. మా గల్లీలోనూ అట్లాంటి ఇళ్ళున్నాయి. ఆ పెద్దావిడ కాపురానికి వచ్చాక మేనా తెర సందులోంచి తప్ప వీధి చూసి ఉండదు. తిట్టి వెనక్కి జరపవచ్చు. భయంతో లేచి నిలబడతారు, పడవ బోల్తా పడుతుంది.

"సాబ్, ఒక దుప్పటి ఇయ్యుండ్రి," అన్నాను.

తెల్లటి దుప్పటి కిందికి పడింది. రెండు తెడ్లు నిలబెట్టి, నాకూ వాళ్ళకూ నడుమ అడ్డంగా కట్టాను. ఆ తెర అవతలికి, నాకు మూరెడు దూరంలోకి, వాళ్ళు చప్పుడు లేకుండా జరిగి కూర్చున్నారు. పడవ ముక్కు లేచింది. సమంగా నిలబడింది.

"మరి నా చెయ్యి నీకెట్ల కనబడ్తది?" ముందునుంచి వడ్రంగి అడిగాడు.

"కనబడది."

"కన్నం పెడ్దమా?"

"కన్నం పెడితె ఇగ గోషా ఏడిది?"

వాడు వెనక్కి తిరగకుండానే అన్నాడు. "అమ్మా, పెద్దమ్మా! నా చెయ్యి ఎటు లేస్తె, నీ వెనక దుప్పటిని అటు దిక్కు ఒత్తాలె. చాతనైతదా?"

పరాయి మగవాడికి గొంతు వినిపించడం కూడా తప్పే ఆ ఇంట్లో. కాని తడి దుప్పటి మీద కుడివైపు ఒక అరచెయ్యి అచ్చు లేచింది. ఐదు వేళ్ళూ స్పష్టంగా. తర్వాత ఎడమవైపు. అర్థమైందని చెప్పడం అది.

పడవ అంచు నీళ్ళకు బెత్తెడు ఎత్తులో ఉంది. పెద్దాయన ఎక్కితే ఆ బెత్తెడూ ఉండదు. ఆయనకూ తెలుసు.

"పిల్లలను దాటించు. నేను ఎన్కకొస్త," అన్నాడు. గొడుగు తెరిచి పట్టుకుని వరండా కంబానికి ఆనుకుని నిలబడ్డాడు.

మోటారు పెంచాను. ముందు ఏముందో నాకు తెలియదు. నా కళ్ళ ముందు తెల్లటి గుడ్డ, దాని మీద ఆ చెయ్యి. కుడి. నేను కుడికి తిప్పాను. ఏదో స్తంభం పక్కనుంచి పోయింది. చెయ్యి తీసేసింది, తిన్నగా పోనిచ్చాను. గండి హోరు దగ్గరైంది. ఎడమ. బలంగా, వేళ్ళు విప్పి, ఎడమ. పిడి మొత్తం తిప్పాను. అడుగున బద్దలు నీళ్ళను పట్టడం నా కాళ్ళకు తెలిసింది.

అప్పుడే వెనక చప్పుడు. ఎండుకట్టె విరిగినట్టు మొదలై, ఉరుములా సాగింది. నాకు ముందు చూపు లేదు కాని వెనక చూపు ఉంది. తల తిప్పాను. వరండా కంబం వంగుతోంది. పెద్దాయన ఖాళీ చెయ్యి ఎత్తి, పొండి పొండి అన్నట్టు ఊపాడు. మేడ ముందు గోడ కూర్చున్నట్టు కిందికి దిగింది. దుమ్ము లేవలేదు, అంతా తడే. గొడుగు ఒక్కటి నీళ్ళ మీద తిరుగుతూ కనిపించింది.

నేను అరవలేదు. నోరు తెరిస్తే ఆ చెయ్యి వణుకుతుంది. తలతిప్పి దుప్పటిని చూశాను.

చెయ్యి ఎడమన లేదు. నడిమికి వచ్చింది. సరిగ్గా నా ముఖానికి ఎదురుగా. నడిమి అనే ఆర్డరు మాకు లేదు. అక్కడ ఆ అరచెయ్యి గుడ్డను గట్టిగా ఒత్తింది, అవతల ఎవరైనా ఉన్నారా అని తలుపు మీద చెయ్యి వేసినట్టు. ఒక్క క్షణమే. మళ్ళీ ఎడమకు జరిగింది. ఎడమ, ఇంకా ఎడమ. పడవ గండి పక్కనుంచి తిరిగి మెరకకు తగిలింది. హవల్దారు విసిరిన తాడు వడ్రంగి పట్టుకున్నాడు.

ఆడవాళ్ళు దిగారు. పెద్దావిడ ఒక మనవణ్ని చంకనెత్తుకుని, ముసుగు సవరించుకుని, వెనక్కి చూడకుండా మెరక ఎక్కింది. ఏమీ అడగలేదు. నేను హవల్దారు చెవిలో చెప్పాను. "సార్, ఇల్లు పోయింది. పెద్దాయన అండ్లనే ఉండె."

ఆయన గల్లీ వైపు చూశాడు. టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "ముందు ఆడికే పోయి చూడండి. పద."

పోయాం. గొడుగు కూడా లేదు. పక్కిళ్ళ వాళ్ళను సాయంత్రం దాకా మోస్తూనే ఉన్నాం. నీళ్ళు తీశాక పెద్దాయన శవమై దొరికాడు. ఆ కుటుంబం లాల్‌దర్వాజాలో బంధువుల ఇంట్లో ఉందని తెలిసింది.

తిరుగు ప్రయాణానికి ముందురోజు హవల్దారు నన్ను పిలిచాడు. "పడవ తిరిగింది కదప్పా. ఇంటికి పోయిరా." ఉతికి ఆరేసిన దుప్పటి నా చేతికిచ్చాడు. "ఇది వాళ్ళది."

ముందు అక్కడికే వెళ్ళాను. గుమ్మానికి తెర. ఎవరో కోడలు తెర కిందనుంచి చెయ్యి చాచి దుప్పటి తీసుకుంది. నేను వెళ్ళబోతుంటే లోపలినుంచి ఒక ముసలి గొంతు వచ్చింది. ఆ గొంతు వినడం అదే మొదలు.

"బిడ్డా, ఆ దినం నువ్వు ఎన్కకు చూసినవా?"

అబద్ధం చెప్పాలనుకున్నాను. నోరు రాలేదు. "చూసిన అమ్మా."

"ఎట్లుండె?"

"నిలబడే ఉండె. పొండ్రని చెయ్యి ఊపిండు."

లోపల ఏడుపు లేదు.

"చప్పుడు నేను ఇన్న," అంది. "తెలుసు నాకు."

"మరి చెయ్యి తియ్యకపోతివి అమ్మా."

"తీస్తె పిల్లలు?" అంది. మళ్ళీ, "నీకు అన్నం పెట్టమన్న. తిని పో," అంది.

తిన్నాను. కోడలు తెర అవతలనుంచి వడ్డించింది. తర్వాత మా ఇంటికి వెళ్ళాను. అమ్మ సంతోషంతో ఏడ్చింది. బాపు నా నెత్తి మీద చెయ్యి పెడితే నాకూ ఏడుపు ఆగలేదు. ఏమైందో వాళ్ళకు చెప్పలేకపోయాను. పొద్దున్నే ఉప్పుగూడలో బండెక్కాం. పడవను గూడ్సు మీద బోర్లా కట్టారు. దాని రెండు బద్దలూ పైకి కనిపిస్తూనే ఉన్నాయి.

ఆ తర్వాత చాలా ఊళ్ళలో పనిచేశాను. రిటైరై ఇక్కడికే వచ్చాను. ఇప్పటికీ మేడ మీద తెల్లటి దుప్పటి ఆరేసి ఉంటే నేను దాని పక్కనుంచి పోను, దూరంగా చుట్టు తిరిగి పోతాను. మా ఇంట్లో అందరికీ ఆ సంగతి తెలుసు, కారణం తెలియదు. గాలికి గుడ్డ ఉబ్బుతుంది. దాని నడిమిలో, నా ముఖానికి ఎదురుగా, ఐదు వేళ్ళ అచ్చు లేస్తుంది. ఆ రోజు నా చెయ్యి ఖాళీగా ఉంటే ఇవతలినుంచి ఆనించేవాణ్ని. ఖాళీగా లేదు. మోటారు పిడి పట్టుకుని ఉంది.