ముందు చక్రానికి కట్టిన తీగ

ఆ రోజు బ్రేకు ఎందుకు పోయిందో నాకు ఆ సాయంత్రమే తెలుసు. తెలిసీ చెప్పలేదు. మా బావమరిది ఒళ్లు తెలియని వేగంతో తోలి, కారును సరుగుడు తోటలోకి ఎక్కించాడని భీమిలిలో మా అత్తవారింట్లో ఏళ్ల తరబడి అనుకున్నారు. నేను అనుకోనిచ్చాను.

నేను గోదావరి జిల్లా నుంచి స్టీల్‌ప్లాంటు ఉద్యోగానికి వచ్చి, భీమిలి అమ్మాయిని చేసుకుని, క్వార్టర్లో కాపురం పెట్టినవాణ్ణి. మెయింటెనెన్సులో పని. తొంభైల చివర్లో ఒక పాత చిన్నకారు కొన్నాను. దాని పాత యజమాని ఇల్లు బీచికి ఎదురుగా ఉండేది. పైకి రంగు మెరుస్తున్నా అడుగంతా ఉప్పుగాలి తినేసింది. ఆ సంగతి కొన్నాక తెలిసింది. గతుకు తగిలితే ముందు నుంచి దడేలుమనేది. బ్రేకు వేస్తే ముక్కు నేలకి వంగేది. ముందు చక్రాల షాక్ అబ్జార్బర్లు, మెకానిక్కులు స్ట్రట్లు అనేవి, రెండూ నూనె కారిపోయి చచ్చిపోయాయి.

"కంచరపాలెంలో నాకు తెలిసిన కారు మేస్త్రీ ఉన్నాడు బావా. పొద్దున్న ఇచ్చీసి సాయంత్రం తెచ్చీసుకుందుం" అన్నాడు మా బావమరిది. అప్పుడు వాడికి ఇరవై దాటాయి. లైసెన్సు కొత్తగా వచ్చింది. భీమిలి, ఆనందపురం మధ్య జనాన్ని ఎక్కించుకునే వ్యాను ఒకటి కొనిపెడతానని మా మావగారు మాటిచ్చారు. వాడి ధ్యాసంతా ఆ వ్యాను మీదే.

"రోలింగు మిల్లులో రోలర్లు మార్చేవాణ్ణిరా నేను. ఈ బొమ్మకారుకి మేస్త్రీ ఎందుకు?" అన్నాను.

ఆదివారం పొద్దున్నే క్వార్టరు ముందు కారును జాకీ మీద లేపి, కింద చెక్కదిమ్మలు పెట్టి, చక్రం విప్పాను. అక్కడితో సులువైన పని అయిపోయింది. స్ట్రట్టు అడుగుభాగాన్ని చక్రం ఇరుసుకి పట్టి ఉంచే బోల్టులు రెండూ తుప్పుతో ఒకే ముద్ద అయిపోయాయి. కిరసనాయిలు పోశాను. సుత్తితో కొట్టాను. పానాకి ఇనప గొట్టం తొడిగి, దాని మీద నా బరువంతా వేశాను. బోల్టు కదల్లేదు, దాని తల అరిగి గుండ్రంగా అయిపోయింది. పానా జారి వేళ్ల కణుపులు చెక్కుకుపోయాయి. చివరికి హాక్సా తెచ్చి కోస్తూ కూర్చున్నాను. రెండు బ్లేడ్లు విరిగాయి. కారుని, దాని పాత యజమానిని, సముద్రాన్ని కూడా తిట్టాను.

"ఏటి బావా, కారుకి గాని షిఫ్టు డ్యూటీ ఏసీసినావా?" అని వాడు నవ్వుతూంటే ఇంకా ఒళ్లు మండింది.

పాత స్ట్రట్టు ఊడాక స్ప్రింగుని క్లాంపులతో అదిమిపెట్టి, విప్పి, కొత్త స్ట్రట్టుకి ఎక్కించాలి. ఆ స్ప్రింగు చేయి జారితే ముఖం పగలగొడుతుంది. ఊపిరి బిగబట్టి ఆ పని చేసి, తీరా బిగించబోతే కొత్తది అమరదు. రెండో పెట్టె కూడా విప్పి చూస్తే కారు సామాన్ల కొట్టువాడు రెండూ ఎడమవైపువే ఇచ్చాడు. నేను కుడి చక్రం ముందు కూర్చున్నాను. తెచ్చేటప్పుడు చూసుకోనిది నేనే. బావమరిదిని స్కూటరు మీద తరిమాను. వాడు వెళ్లి, మూసిన కొట్టు వెనక ఇంట్లో ఉన్న యజమానిని బతిమాలుకుని, కుడివైపుది తెచ్చేసరికి మధ్యాహ్నం దాటిపోయింది.

మా ఆవిడ గుమ్మంలోకి వచ్చి "ఆ కారుతోనే కాపురం సేత్తారేటి, తిండి తినరా?" అంది.

బావమరిది స్కూటరు మీద వెళ్లిన ఆ సమయంలో నేను ఊరికే ఉండలేక ఎడమ చక్రం పని మొదలుపెట్టి, ముగించాను. బ్రేకు నూనె మోసే రబ్బరు గొట్టం ఒకటి స్ట్రట్టుని ఆనుకుని కిందికి దిగుతుంది. దాన్ని స్ట్రట్టుకి పట్టి ఉంచే చిన్న రేకు క్లిప్పు తుప్పుతో నా వేళ్ల మధ్యే పొడి అయిపోయింది. మళ్లీ కొట్టుకి పంపాలా? నా ఓపిక అయిపోయింది. మా ప్లాంటులో ఏది ఊడినా ముందు కట్టుతీగతో కట్టేస్తాం. షట్‌డౌన్ వచ్చి మిల్లు ఆగినప్పుడు సరిగ్గా చేస్తాం. చేయి దానంతటదే వెళ్లి తీగ ముక్క అందుకుంది. రబ్బరు గొట్టాన్ని స్ట్రట్టుకి చేర్చి, రెండు చుట్లు చుట్టి, కటింగ్ ప్లేయరుతో మెలిపెట్టేశాను. వారంలో క్లిప్పు తెచ్చి వేద్దామనుకున్నాను. కానీ ఇంట్లో ఎవరూ షట్‌డౌన్ పెట్టరు. కారు దడదడ మానేసింది, నేను మరిచిపోయాను.

కొన్ని వారాల తర్వాత మావగారు కంటి పరీక్షకని వచ్చారు. తిరుగు ప్రయాణంలో మా బావమరిదే నా కారు తోలాడు. భీమిలి వెళ్లే బీచిరోడ్డు మీద దిగుడులో బ్రేకు పెడలు లోపలికి దిగిపోయింది. బండి ఒక పక్కకి లాగేసింది. ఎదురుగా బస్సు. వాడు ఇసుకలోకి తిప్పి, సరుగుడు చెట్లకి ఆనించి ఆపాడు. మావగారి మణికట్టు విరిగింది.

కబురందుకుని నేను వెళ్లేసరికి కారు ఇంకా అక్కడే ఉంది. వంగి ఎడమ చక్రం వెనక చూశాను. చక్రం పక్కకి తిరిగినప్పుడల్లా గొట్టం కదిలింది, తీగ కదల్లేదు. అది రబ్బరుని కొంచెం కొంచెంగా కోసుకుంటూ పోయింది. ఎవరూ చూడకుండా ఆ తీగ విప్పి జేబులో వేసుకున్నాను.

భీమిలి ఇంట్లో మావగారు చేతికి కట్టుతో మంచం మీద కూర్చుని ఉన్నారు.

"బ్రేకు పట్టనేదయ్యా, నిజం" అంటున్నాడు బావమరిది.

"నోరుముయ్. గాల్లో తోలినావు, ఇప్పుడు బ్రేకంతావేటి?" అని, ఆయన నా వైపు తిరిగారు. "నువ్వు సెప్పు అల్లుడూ. నువ్వు సదువుకున్నోడివి, కారు ఇప్పి కట్టినోడివి. ఈడు సెప్పింది నిజవేనా?"

వాడు నా వైపు చూశాడు. ఆ చూపులో అనుమానం ఇసుమంతైనా లేదు. బావ ఉన్నాడు, చెబుతాడని నమ్మకం.

"మంచి స్పీడులో గట్టిగా తొక్కితే ఒక్కోసారి గొట్టం పగులుతుంది మావయ్యా" అన్నాను.

ఆ ఒక్క మాటతో వ్యాను కొనడం ఆగిపోయింది. మావగారు వాణ్ణి తన కిరాణాకొట్లో కూర్చోబెట్టారు. ఇన్నేళ్లూ వాడు చింతపండు, కందిపప్పు తూస్తూ ఆ గల్లా వెనకే ఉండిపోయాడు.

మా అమ్మాయికి లైసెన్సు వచ్చిన ఏడాది, అందరం భీమిలిలో భోంచేస్తున్నాం. "మావయ్యా, నువ్వు పక్కన కూర్చో, బీచిరోడ్డు మీద ఒక రౌండు కొడతాను" అని అది కారు తాళం మా బావమరిది చేతిలో పెట్టింది.

"ఆడి పక్కనా? నా సెయ్యి సూడవే తల్లీ" అన్నారు మావగారు. అందరూ నవ్వారు. వాడూ నవ్వి, తాళాన్ని దాని కంచం పక్కన పెట్టి, చేయి కడుక్కునే నెపంతో అరుగు మీదికి వెళ్లిపోయాడు.

నేను కంచం ముందు నుంచి లేచాను. వాడి వెనకే వెళ్లి అంతా చెప్పాను. క్లిప్పు, తీగ, జేబు, మావగారితో అన్న మాట.

వాడు అరుగు అంచు మీద కూర్చున్నాడు. తర్వాత, "నాను కూడా నమ్మీసినాను బావా. నువ్వన్నావు గదా, నానే గట్టిగా తొక్కీసినానేమో అనుకున్నాను. ఆ తరవాత మళ్లీ స్టీరింగు ముట్టుకోనేదు" అన్నాడు.

"క్షమించరా" అన్నాను.

"నాకు సెప్తే ఏటవుద్ది? లోపలికెల్లి అయ్యకి సెప్పు. అందరి ముందరా సెప్పు."

లోపలికి వెళ్లాను. మావగారు పెరుగన్నం కలుపుకుంటున్నారు. మా ఆవిడ, అత్తగారు, అమ్మాయి, అందరూ అక్కడే ఉన్నారు. కూర్చోకుండా నిలబడే చెప్పాను.

"మావయ్యా, మీ చెయ్యి విరిగింది నా వల్ల. ఆ రోజు వాడు వేగంగా తోలలేదు, బ్రేకు గొట్టానికి నేను కట్టిన తీగ దాన్ని కోసేసింది. అది తెలిసి కూడా మీరడిగినప్పుడు అబద్ధం చెప్పాను. వాడు బండిని ఇసుకలోకి తిప్పి మీ ప్రాణం కాపాడాడు. నన్ను క్షమించమని మిమ్మల్నీ వాణ్ణీ అడుగుతున్నాను."