మామ చాయ

మా మేనమామ పోయిండు. మొన్న పొద్దుగాల అత్తమ్మ, భూపాలపల్లిల ఉండే నాకు ఫోన్ చేసి "బిడ్డా, మీ మామ లేస్తలేడే" అన్నది. నేను కేసముద్రం చేరేసరికి అంతా అయిపోయింది.

మీరు గా దిక్కు పెండ్లి చేసుకున్నోళ్లయితే మీ గోడకు ఆయన తీసి కడిగిన ఫోటో ఉండే ఉంటది. బియ్యం డ్రమ్ములుండే అర్రలనే కిటికీకి గోనెపట్ట కొట్టి, ఎర్రబుగ్గ ఏసుకొని, ట్రేలు పరుచుకునేటోడు. ఎసట్లకు బియ్యం కావాలన్నా ఆయన తలుపు తీసేదాక ఆగాల్సిందే. "ఏందయ్యా, ఫోటోలు ఇంకా ఉడకలేదా?" అని అత్తమ్మ బయటినుంచి తిట్టేది.

పెండ్లి ఫోటోల అందరికి తెల్లగ రావాలె. డెవలపర్ మందునీళ్లల ఉన్నకొద్ది కాగితం నల్లవడుతది, అందుకే మామ దాన్ని జర ముందే తీసేటోడు. ఎండల పత్తి ఏరిన పిల్ల సుత పాలలెక్క వచ్చేది. చావుకు కడిగే ఫోటో అయితే మాత్రం మొఖం పూర్తిగ తేలేదాక ఆగేటోడు. "పోయినోళ్లను తెల్లగ చేస్తే ఇంటోళ్లు ఎట్ల గుర్తువడుతరే?" అనేటోడు. ఆ పని నాకు ఆయన పక్కన నిలవడే వచ్చింది. ఎంత కోపమో మనిషికి! ట్రే గట్టిగ ఊపితే "చాటనుకున్నవా?" అని చేతి మీద ఒక్కటిచ్చేటోడు. ఆ దెబ్బ ఇంకోసారి పడితే బాగుండు.

పెద్దకర్మకు ఫోటో కావాలె. ఊరందరిని తీసినాయన తను దిగలే. ఎవలన్న సెల్లు ఎత్తితే గుంజుకొని తనే తీసేటోడు. ఆధార్ కార్డు మీదిది మనిషో మబ్బో తెల్వది. ఉన్నదల్లా పెండ్లినాటి ఫోటో. తనది సుత తెల్లగనే కడుక్కున్నడు మహానుభావుడు.

అత్తమ్మ దాన్ని పక్కకు నూకింది. "గీ తెల్లటాయన ఎవలు బిడ్డా? నాకు మీ మామ కావాలె. నీకు కడుగుడు వస్తది గదా."

ఆ పెండ్లి ఫోటో నెగెటివ్ దొరికింది. కాగితాల డబ్బాల పాతది ఒక్కటే మిగిలింది. అదే అర్రల ఎర్రబుగ్గ ఏసి, నెగెటివ్‌లకెంచి కాగితం మీద వెలుతురు వడనిచ్చి, డెవలపర్ల ఏసిన. అత్తమ్మ నా పక్కనే నిలవడ్డది.

ముందు మీసం తేలింది. తర్వాత కండ్లు, చెంపలు. నల్లగ, నిండుగ, అచ్చం మా మామనే.

"వచ్చిండు," అన్నది అత్తమ్మ.

తియ్యబోతే నా చెయ్యి పట్టుకున్నది.

"ఉండనియ్యే. జరసేపు."

"నల్లవడి కరాబయితది అత్తమ్మా. ఇంకో కాగితం లేదు."

"కానియ్యి. జరసేపు చూడనియ్యి."

నేను గుంజుకోలేకపోయిన. చెంపలు మునిగినయ్. కండ్లు మునిగినయ్. కాగితమంతా నల్లగయినంక సుత అత్తమ్మ, మొఖం ఉన్నకాడ వేలు ఆనిచ్చి, ట్రే మీదికి వంగి చూస్తనే ఉన్నది.