లూదియా చేతిలో చివరి బాన

ఇరవై ఆరేళ్లొచ్చినా సొంత ఇంట్లో లూదియా చేతికి గాజు గ్లాసు ఇచ్చినవాళ్లు లేరు. ఆమెకు కాఫీ ఎప్పుడూ స్టీలు లోటాలోనే వచ్చేది. వచ్చిన చుట్టాలు అదేదో ప్రత్యేక గౌరవమనుకునేవారు. నాయన దేవసహాయం ఆళ్లగడ్డలో సోషలు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. కూతురి చేతిలో పోయిన సామాన్ల గురించి రాజవంశాల పతనం చెప్పినంత విచారంగా చెప్పేవాడు. ముందు ఊరగాయ జాడీ, ఆపైన నిలువుటద్దం, చిట్టచివరికి చర్చివాళ్లు శాలువాతో పాటు ఇచ్చిన గోడ గడియారం. అలాంటి కూతురికి వస్తువులు పగలగొట్టే ఉద్యోగం ఒకటి దొరికేలా ఉందంటే ఆయన మొదట నమ్మలేదు. నమ్మాక, అర్హత విషయంలో మాత్రం తనకెలాంటి సందేహమూ లేదన్నాడు.

నంద్యాలలో డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో లూదియాకు వీడియో గేముల పిచ్చి పట్టింది. అన్ని గేములూ కాదు, గట్టు మీంచి గట్టు మీదికి దూకుతూ పోయే గేములు. వాటిలో హీరో ముక్కూమొహం తెలియని ఇంట్లోకి పోతాడు, కుండలూ పెట్టెలూ పగలగొడతాడు, అందులో దొరికింది తీసుకుని తన దారిన తాను పోతాడు. ఇంటివాడు బయటికొచ్చి "ఏమప్పా, నీ అబ్బ సొమ్మా?" అని అడగడు. స్టీలు లోటాలో కాఫీ తాగే పిల్లకు ఆ లోకం పరలోకరాజ్యంలా తోచింది.

చదువయ్యాక ఆళ్లగడ్డ చర్చిలో మైకుసెట్టు చూసుకుంటూ శబ్దాలు పట్టడం నేర్చుకుంది. బెంగళూరులో గేములు చేసే ఒక చిన్న కంపెనీ ఆమెకు పరీక్ష పెట్టింది. తమ గేములో పగిలే వస్తువులన్నిటికీ శబ్దాలు చేసి శనివారం సాయంత్రంలోగా పంపాలి. నచ్చితే ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగం. నచ్చకపోతే సోమవారం పొద్దున నంద్యాలలో బట్టల షాపు బిల్లింగు కౌంటరు. ఆ షాపు ఓనరుకు నాయన ముందే మాటిచ్చేశాడు.

ఎండిన కందికట్టె విరిచి చెక్కపెట్టెల పని ముగించింది. శిల్పాల షెడ్ల దగ్గర ఏరుకొచ్చిన రాతిముక్కలతో కోటగోడ కూల్చింది. మిగిలింది బాన ఒక్కటే. దాని గురించి కంపెనీలో కావ్య అనే ఆవిడ ఫోనులో మరీ మరీ చెప్పింది. "చివరి గదిలో పెద్ద బాన ఉంటుందండీ. అది పగిలితేనే తాళం దొరుకుతుంది. ఆ శబ్దానికి ఆడేవాళ్ల ఒళ్లు ఝల్లుమనాలి."

లూదియా నంద్యాల నుంచి రెండు బానలను బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. చిక్కల్లా వీధితోనే. అటు చివరా ఇటు చివరా శిల్పుల షెడ్లు. పొద్దున్నుంచి చీకటి పడేదాకా రాయి కోసే మిషన్లు అరుస్తూనే ఉంటాయి. ఆ వీధిలో దేవుళ్లు పుట్టేది ఆ రొదలోనే. మిషన్లు ఆగాక చూద్దామని శుక్రవారం చీకటిపడ్డాక మొదటి బాన పగలగొడితే, వీధికుక్కలన్నీ దానికి సంతాపం తెలిపాయి. రికార్డింగులో బాన కంటే కుక్కలే స్పష్టంగా ఉన్నాయి.

శనివారం పొద్దున ఫోనుకు మెసేజి వచ్చింది. లైను పని ఉందని మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా కరెంటు తీస్తారట. ఆళ్లగడ్డలో కరెంటు పోతుందని తెలిసి దేవుడికి స్తోత్రం చెప్పిన మనిషి ఆ రోజుకు లూదియా ఒక్కతే.

సరిగ్గా భోజనాల వేళకు పక్కింటి ముందు అంబులెన్సు ఆగింది. అందులోంచి నాగేశ్వరమ్మ అవ్వను దించారు. నంద్యాల ఆసుపత్రిలో ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారట. ఆవిడ కొడుకు, శిల్పి వెంకటేశ్వర్లు, తల్లిని కిటికీ పక్క మంచం మీద పడుకోబెట్టాడు. ఆ కిటికీకి ఎదురుగా, సందుకు ఇవతల, లూదియా వెనకగది. ఆ గదిలో బండ, బండ మీదికి చూస్తూ మైకు, స్టూలు మీద బాన.

లూదియావాళ్ల వైపు చావుకు పెట్టె, పాట, ప్రార్థన. కుండకు అందులో పనిలేదు. అందుకే బానలు కొనేటప్పుడు ఆమెకు ఏమీ తట్టలేదు. వెంకటేశ్వర్లు వాళ్లలో కొడుకు కుండను భుజాన మోసి కాటికాడ పగలగొడతాడు. ఆ సంగతి లూదియాకు తెలియనిదేం కాదు. కరెంటు పోయి, మిషన్లన్నీ ఒక్కసారిగా నోరు మూసుకున్నాక తట్టింది. ఎందుకైనా మంచిదని అడగడానికి పోయింది.

"అన్నా, ఒక్క దెబ్బ. ఒకే ఒక కుండ."

"ఏందీ? మాయమ్మ ఇట్ల పండుకోనుంటే పక్కింట్లో కుండ పగలగొడ్తావా? బుద్ధుండాదా పాపా నీకు?"

"ఆటలోకన్నా. ఈ పొద్దే పంపియ్యాల."

"ఆటంట ఆట! పగలగొట్టు సూస్తా. నీ మైకుపెట్టెలన్నీ తెచ్చి మిషన్ కింద పెడ్తా." అంతటితో ఆగకుండా ఆమె చేతికొక అట్టముక్క ఇచ్చాడు. "నేను మందులకు పోతాండా. ఫ్యాను ల్యాదు. అమ్మ కాడ కూసోని ఇసురు."

లూదియా కూర్చుని విసిరింది. వీధి ఎంత నిశ్శబ్దంగా ఉందంటే అవ్వ ఊపిరి లెక్కపెట్టొచ్చు. బాన కోసం దేవుడు ప్రత్యేకంగా తయారుచేసినట్టున్న ఆ నిశ్శబ్దం, కళ్లముందే కరిగిపోతోంది. మూడైంది. మూడున్నర దాటింది. ఆమె చూపు మాటిమాటికీ కిటికీలోంచి తన గది వైపు పోతోంది.

"ఏం మే, అట్ల గోడకల్ల సూస్తాండావ్?" అవ్వ కళ్లు తెరిచే ఉన్నాయి.

"ఏం లేదవ్వా."

"అంతా ఇన్యాలే. ఆ కుండ నాకా?"

"అయ్యో, నీకు కాదవ్వా! ఆటలో ఒక పిల్లోడు దూకుతా దూకుతా వచ్చి కొడతాడు. కొడితే తాళం దొరుకుతాది."

"పగలగొట్టినోణ్ని ఎవురూ తిట్టరా?"

"తిట్టరు."

"మంచి ఊరే," అంది అవ్వ. కాసేపు ఆయాసపడి మళ్లీ అందుకుంది. "పో, కొట్టి రా. సచ్చేది నేనా, వాడా? గట్టిగ కొట్టు, దూరానికి నాకు చెవుడు."

లూదియా పరుగున పోయింది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, బ్యాటరీతో నడిచే రికార్డరు నొక్కి, బానను రెండు చేతులా ఎత్తింది. పుట్టి బుద్ధెరిగాక ఒక వస్తువును పగలడానికి ముందు ఇంత జాగ్రత్తగా పట్టుకోవడం ఆమెకు ఇదే మొదలు. వదిలింది.

బాన కడుపులోంచి పగిలింది. వీధి మొత్తం విన్నది.

"అమ్మా!"

మందుల కవరుతో సందు మలుపు తిరుగుతున్న వెంకటేశ్వర్లు అరిచిన అరుపు అది. ఆ కుండ పగలగొట్టాల్సిన కొడుకు తానేనన్న చిన్న సంగతి ఆ పరుగులో ఆయనకు తట్టలేదు. ఎదురింటామె సంగతేమిటో కనుక్కోకుండానే శోకాలు మొదలుపెట్టింది. నలుగురు బిలబిలమని వచ్చారు.

"ఏందే ఆ ఏడుపులు? ఈడనే ఉండా గదా!" అంది కిటికీలోంచి అవ్వ. "ఎవురు సచ్చినారు?"

వెంకటేశ్వర్లు లూదియా గుమ్మంలో నిలబడ్డాడు. మొహాన రాతిపొడి, ఆ పొడి మీద కన్నీటి చారలు. పెంకుల వైపు చూశాడు, మైకు వైపు చూశాడు. లూదియా మైకుకు అడ్డంగా నిలబడింది.

"నేనే కొట్టమన్యా," అంది అవ్వ. "పాపనేమన్నా అంటే నిజంగనే పోతా, సూసుకో."

ఆయన గడప మీద కూలబడ్డాడు. అప్పుడే కరెంటొచ్చింది. మిషన్లు మొదలయ్యాయి.

ఇంక బాన లేదు, నిశ్శబ్దమూ లేదు. ఉన్నది ఈ ఒక్క రికార్డింగే. అరుపు బాన మీద పడి ఉంటే, సోమవారం బట్టల షాపే. లూదియా వెనక్కి తిప్పి విన్నది. బాన పగలడం, పెంకులు చెదరడం. చివరి పెంకు ఒకటి బొంగరంలా తిరిగి తిరిగి గోడకు తగిలి ఆగింది. ఒక్క రెప్పపాటు ఖాళీ. ఆ తర్వాతే "అమ్మా!"

ఆ రెప్పపాటు మీద కోసి పంపింది. చీకటి పడకముందే కావ్య ఫోను చేసింది.

"ఒళ్లు ఝల్లుమందండీ. కానీ చివర టక్కున తెగినట్టుంది. ఆ తర్వాత ఇంకేమైనా ఉందా? ఉంటే అదీ పంపండి, బాగుంటుంది."

లూదియా కిటికీలోంచి చూసింది. వెంకటేశ్వర్లు తల్లికి గంజి తాగిస్తున్నాడు, మూతి తుడుస్తున్నాడు.

"ఏమీ లేదండీ. అంతే."

కావ్య అవతల ఎవరితోనో ఏదో గుసగుసలాడింది. లూదియా గుండె బట్టల షాపు దాకా పోయొచ్చింది.

"సరే, ఇదే పెట్టేస్తాం. సోమవారం నుంచి పని మొదలుపెట్టండి."

మర్నాడు ప్రార్థన ముగించుకుని ఇంటికొచ్చేసరికి అవ్వ కబురు పంపింది. ఆ కుండ తనకు వినిపించాలట. లూదియా ఆ నెరిసిన తల మీద హెడ్‌ఫోన్లు పెట్టి, పెంకు ఆగగానే ఆపబోయింది. అవ్వ ఆమె మణికట్టు పట్టుకుంది. మొత్తం విన్నది.

"ఎవురే అది?"

"అన్నే."

అవ్వ హెడ్‌ఫోన్లను చెవులకు ఇంకాస్త అదుముకుంది. "వాడికింత గొంతుండాదని తెలీకపాయె," అంది. "ఇంగోసారి పెట్టు."

"ఏమ్మా, ఏం ఇంటాండావ్?" అని వంటింట్లోంచి వెంకటేశ్వర్లు కేకేశాడు.

"ఏందో ఆటంటలేరా. నీ పని సూస్కో."